చిప్పులో ఉన్న సినిమా

గిద్దలూరు నుంచి మార్కాపురం పోయే బస్సులో నా పక్కనున్నామె ఫోనులోని మెమరీ చిప్పు తీసి, చెంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. సినిమా మొదలైంది. తెర మూల ఏదో వెబ్‌సైటు పేరు.

నేను ఊరుకోలేకపోయాను. "పైరసీది కదమ్మా ఇది. ఆప్‌లో డబ్బు కట్టి చూడొచ్చుగా?"

"కట్టినాం పెదనాయనా. కొన్నాళ్లకే అందులోనుంచి తీసేసినారు. ఇంకో ఆప్‌లోకి పోయిందంటే దానిక్కూడా కట్టినాం. ఆడా లేదు. చిప్పులోదైతే ఎవురు తీసేస్తారు?"

"అంత గొప్ప సినిమానా?"

"కథ నాకు తెలీదు. మా కొమరోలులో షూటింగు తీసినప్పుడు మా కొడుకు జనంలో నిలబడినాడు. పోయినేడు ట్రాక్టరు తిరగబడి చచ్చిపోయినాడు. ఫొటోల్లో బిర్రబిగుసుకోని ఉంటాడు. వాడు నవ్వేది దీంట్లోనే."

సంత దృశ్యం రాగానే ఆపి, వేలు పెట్టి చూపించింది. అన్నీ అలుక్కుపోయిన ముఖాలే. ఆ వేలి దగ్గర ఎవరున్నారో నాకు తెలియలేదు. డబ్బు తీసుకుని బిడ్డను మాయం చేసిన ఆ ఆప్‌లవాళ్లను తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆమె తెరను వదిలేసి నా ముఖమే చూస్తోంది.

"కనపడినాడా పెదనాయనా?"

"కనపడినాడమ్మా. నవ్వుతున్నాడు" అన్నాను.