ముఖం కొలిచి కట్టిన గోడ

ఆ ఇంగ్లీషు పరీక్షలో ఒక్కోసారి ఏదో భవనం బొమ్మలు రెండు ఇస్తారు. మార్పులకు ముందు ఎలా ఉండేదో ఒకటి, తర్వాత ఎలా అయిందో ఒకటి. ఏ గోడ పోయింది, ఏ తలుపు కొత్తగా వచ్చింది, చూసింది చూసినట్టు రాయాలి. ఇంగ్లండులో ఫార్మసీ చదవాలని నేను ఆ పరీక్షకు తయారవుతున్నప్పుడు, నిజామాబాదులో మా కోచింగ్ సారు రోజూ ఒకటే నూరిపోసేవాడు: నీ అభిప్రాయం ఎవడూ అడగలేదు, చెప్పొద్దు. కిటికీ పక్క సీటు కోసం బస్సు కండక్టరుతో కూడా బేరమాడే దుకాణదారుల వంశం మాది. నాకది చాలా పెద్ద శిక్ష.

సాధన కోసం మా ఇంటినే రాసుకునేవాణ్ణి. ముందు దుకాణం, వెనక ఇల్లు. బోధన్ వైపు చెరకు రైతులు కోతలకు ముందు కత్తులు, పారలు, గడ్డపారలు మా దగ్గరే కొనేవారు. బాపు, చిన్నాయన కలిసి నడిపిన దుకాణం. విడిపోదామనుకున్నప్పుడు మా వాళ్ళ ఆనవాయితీ ప్రకారం పెద్దవాడైన బాపు రెండు వాటాలు గీశాడు, చిన్నవాడు తనకు కావలసింది ముందు కోరుకున్నాడు. మాకు స్థలమంటే రోడ్డు వైపు ఉండే ముఖమే. దాన్ని టేపుతో కొలిచి, నమ్మకం చాలక దారంతో మళ్ళీ కొలిచి, వేలెడు తేడా కోసం ఒక పూటంతా తిట్టుకున్నారు. వెనక్కి వెళ్ళి చూసినవాడు ఒక్కడూ లేడు. తీరా గోడ లేచాక చూస్తే బోరూ, స్నానాలగదీ, పాయిఖానా అన్నీ చిన్నాయన వాటాలో పడ్డాయి. గోడలో మనిషి పట్టే సందు వదిలి, అందులోంచి వెళ్ళి వాడుకునేవాళ్ళం.

పరీక్షకు కొద్ది రోజుల ముందు, మా మెట్టు ఎక్కబోతున్న రైతును చిన్నాయన తన దుకాణంలోకి పిలుచుకున్నాడు. బాపు చిన్నాయన తల్లిని తిట్టాడు. ఆమె తనకూ తల్లేనన్న సంగతి ఆ కోపంలో ఇద్దరికీ తట్టలేదు. మర్నాడు బాపు కత్తుల మూట ఆటోలో వేసుకుని బోధన్ పోగానే చిన్నాయన మేస్త్రీని పిలిపించి ఆ సందు మూసేయించాడు.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. చెంబు పట్టుకుని, దుకాణంలో నిలబడ్డ గిరాకీ మధ్యలోంచి దారి చేసుకుని, రోడ్డు దాటి బీడీలు చుట్టే ఎదురింటావిడ దొడ్లోకి పోవలసి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆటో దిగిన బాపుకు, లారీల మధ్య చెంబుతో నిలబడ్డ భార్య కనిపించింది.

బాపు లోపలికొచ్చి గడ్డపార తీసుకున్నాడు. అంత కోపంలోనూ చెయ్యి కొత్త సరుకు మీదికి పోలేదు, వంకర పోయి అమ్ముడుకాని పాతది వెతికి మరీ తీశాడు. పచ్చి గోడ రెండు పోట్లకే కూలింది. అవతలి నుంచి చిన్నాయన పార కర్రతో వచ్చాడు.

"నా జాగల నేను కట్టుకున్న. గీత నువ్వే గీస్తివి గదనే అన్నా."

ఆ 'అన్నా' నోట్లో ఉండగానే కర్ర బాపు కనుబొమ్మ మీద పడింది. రక్తం కంట్లోకి దిగి ఏమీ కనబడక బాపు గడ్డపార గాలిలో తిప్పాడు. అది చిన్నాయన భుజం చెక్కుకుంటూ పోయింది. నడుమ సర్ది చెప్పడానికి దూరిన నా కుడిచేతి బొటనవేలి మీద రెండో దెబ్బ పడింది. అది ఎవరిదో ఇప్పటికీ తెలియదు, ఇద్దరూ ఒప్పుకోలేదు. బాపుకు కుట్లు వేయించుకుని వచ్చేసరికి చిన్నాయన ఈసారి సిమెంటుతో గోడ లేపించి, పైన సీసా పెంకులు కూడా గుచ్చించాడు.

వేలికి పసుపు కట్టుతోనే హైదరాబాదు బస్సెక్కాను. ఇందల్వాయి దాటేదాకా వేలు సలుపుతూనే ఉంది. పరీక్షలో కాగితం తిప్పితే బొమ్మలు రెండు. ఒక గ్రంథాలయం. ముందు ఒకటే పెద్ద గది. తర్వాత నడుమ గోడ కట్టి పెద్దలకొక గది, పిల్లలకొక గది చేశారు. కానీ ఆ గోడ వెనకదాకా పోలేదు. పాయిఖానాల ముందు ఆగిపోయింది. అక్కడ చిన్న వసారా, దానిలోకి ఇటు నుంచి ఒక తలుపు, అటు నుంచి ఒక తలుపు. అది గీసినవాడు ముందు మనుషులు ఎటు పోవాలో చూసి, ఆ తర్వాతే గోడ గీశాడు. మా ఇంట్లో కట్టింది ముఖం కొలిచి.

పెన్సిలు నొక్కలేక నొక్కుతూ రాశాను. గోడ ఎక్కడ ఆగిందో రాయాలి, రాశాను. ఎందుకక్కడ ఆగాలో రాశాను. ఆగకపోతే ఇంట్లో వాళ్ళకేమవుతుందో కూడా రాశాను. దాని తర్వాత రాయాల్సిన పెద్ద వ్యాసం సగంలో ఉండగానే టైమైపోయి కాగితాలు లాక్కున్నారు. ఆ ఏటి సీటు పోయినట్టేనని బయటికి వస్తూనే అర్థమైంది. బొమ్మ మాత్రం కళ్ళలో పెట్టుకుని ఇల్లు చేరాను.

సున్నంముక్కతో చిన్నాయన గడపలోనే ఆ బొమ్మ గీసి చూపించాను. భుజానికి కట్టుతో కూర్చుని ఆయన చాలాసేపు చూశాడు. తలుపు ఇస్తాను గానీ రోడ్డు మీద జానెడు ముఖం కావాలన్నాడు. నేను బేరమాడి బెత్తెడుకు దించాను. నా తెలివికి నేనే మురిసిపోతూ ఇవతలికి వచ్చి చెప్తే బాపు నా చెంప పగలగొట్టాడు.

"తలకాయ అడుగు, ఇస్త. ముఖం ఇయ్య."

దుకాణంలో బస్తా మీద కూర్చున్న అమ్మ ఇదంతా విన్నది. లేచి, అమ్మకానికి పెట్టిన సమ్మెట ఒకటి ఎత్తుకుంది. వెనక గోడ వైపు పోతుందనుకున్నాం. పోలేదు. రోడ్డు మీదికి దిగి, రెండు దుకాణాల నడుమ వాళ్ళు దారంతో కొలిచి కట్టిన గోడ అంచుమీదనే కొట్టింది.

"ముఖం ముఖం అని సస్తున్నరు గద. ఇగ ఎవ్వనికీ ఉండది."

ఇటుకలు పగిలి మెట్ల మీద పడ్డాయి. బాపు పరుగెత్తుకొచ్చి ఒక చెయ్యి పట్టుకున్నాడు, చిన్నాయన అటు నుంచి దూకి రెండో చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె విదిలించుకుని మళ్ళీ ఎత్తింది. ఈసారి తల పగిలేది ఎవరిదో తెలియక ఇద్దరూ వెనక్కి జరిగారు. విడిపోయాక అన్నదమ్ములు ఒకవైపు నిలబడటం అప్పుడే మొదటిసారి చూశాను.

"వదినా, ఆగు. నేనే తీస్త," అన్నాడు చిన్నాయన.

ఒంటి చేత్తో సమ్మెట పట్టి వెనక గోడను ఆయనే బద్దలుకొట్టాడు. సీసా పెంకులు మొహం మీద చిట్లాయి, చెంప కోసుకుపోయింది. తుడుచుకోలేదు. సందు పడగానే అమ్మ చెంబు తీసుకుని ఇటుకల కుప్ప మీదుగా మెల్లగా దిగింది. రక్తం కారుతున్న మరిదినీ, కుట్ల మొహంతో వెనకే నిలబడ్డ మొగుణ్ణీ మోచేత్తో చెరో పక్కకు నెట్టింది. పాయిఖానా లోపల గొళ్ళెం పడిన చప్పుడు వినేదాకా ఇద్దరిలో ఒక్కరూ కదలలేదు.