కొరమీను పిల్లల మీద గాలం

వీడియోలో కనిపిస్తున్న చెయ్యి నాది. వినిపిస్తున్న గొంతు మా ఇంటి డ్రైవరుది.

ఖతర్‌లోని ముఐథర్‌లో నేను వంట చేసే ఇంట్లో మధ్యాహ్నం భోజనాలు ముగిశాయి. బయటి వంటింట్లో గిన్నెలు తోముతుంటే, అల్ తుమామాలో పని చేసే మా పక్కూరి అమ్మాయి ఫోనులో ఆ వీడియో పంపింది. "అక్కా, ఈయన కూడా ఖతర్‌లోనే ఉంటాడంట. గాలం గురించి భలే చెప్తన్నాడు. నీకు చేపల పిచ్చి కదా, చూడు" అని కింద రాసింది.

చేతులు తుడుచుకుని చూశాను. సిమెంటు తొట్టి గట్టు, పచ్చటి నీళ్ళు, ఖుబ్బూస్ రొట్టె ముద్దను గాలానికి గుచ్చుతున్న ఒక ఆడ చెయ్యి. మణికట్టు మీద నూనె చింది కాలిన మచ్చ. వెనక నుంచి మగ గొంతు: "చూడండి బ్రదర్స్, చిన్నప్పుట్నించీ నాకు ఇదే పని. ముద్ద గట్టిగా ఉండగూడదు, మెత్తగా ఉండగూడదు. చెవి తమ్మె మాదిరి ఉండాల."

చెవి తమ్మెలా ఉండాలన్నది మా అమ్మ మాట. ఆ డ్రైవరుది కడప వైపు ఒక మెట్ట ఊరు. వాళ్ళ ఊళ్ళో తాగే నీళ్ళకే ట్యాంకరు రావాలని, చేపను పళ్ళెంలో తప్ప నీళ్ళలో చూసి ఎరగనని నాతో తనే చెప్పాడు. ఒళ్ళు మండిపోయింది.

ఆ వీడియో ఎక్కడిదో నాకు తెలుసు. చలికాలంలో మేం బాబా అని పిలిచే యజమాని కుటుంబం వారాంతాల్లో మజ్రాకు, అంటే ఊరి బయట ఉన్న తోటకు, వెళ్తుంది. వంటకు నేను, బండికి అతను. అక్కడ ఖర్జూరం చెట్లకు నీళ్ళు పెట్టే పెద్ద తొట్టి ఒకటి ఉంది. బోరు నీళ్ళు. నాచు పట్టకుండా అందులో తిలాపియా పిల్లలను వదిలితే అవి అరచేతంత పెరిగాయి. తోట చూసుకునే బంగ్లాదేశ్ ఆయన ఒకరోజు గాలం వేస్తుంటే, "భాయ్, ఏక్ బార్ ముఝే దో" అని అడిగి తీసుకున్నాను. ఈ దేశానికి వచ్చిన తొమ్మిదేళ్ళలో గాలం పట్టడం అదే మొదటిసారి. బెండు రెండుసార్లు ఊగి పక్కకు జారింది. అది మునిగేదాకా ఆగాలని ఆయన చూస్తున్నాడు. తిలాపియా ముద్దను నోట పట్టుకుని పక్కకు నడుస్తుందని నాకు తెలుసు కాబట్టి అప్పుడే లాగాను. చేప గట్టు మీద పడింది. బాబా భార్య మామా నవ్వి, "యల్లా, ఇంకొకటి" అంది.

ఆ రోజే డ్రైవరు ఫోను తీశాడు. "ఇంట్లో వాళ్ళకి సూపిస్తానక్కా."

"మొహం రానివ్వకు తమ్ముడూ. ఇంటి వాళ్ళు చూస్తే బావోదు. కావాలంటే చేతులు తీసుకో" అన్నాను.

ఆ తరవాత కూరగాయల మార్కెట్టుకు వెళ్ళేటప్పుడల్లా అతను అడిగేవాడు, నేను చెప్పేదాన్ని. మార్పు చేప ఎక్కడ ఉంటుంది, ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలి, ఎర్రలు దొరక్కపోతే దేనితో సరిపెట్టుకోవచ్చు, కాలవలో నీళ్ళు తగ్గుముఖం పట్టినప్పుడు ఏ ఒడ్డున కూర్చోవాలి. చెప్పడం నాకూ బాగుండేది. ఈ తొమ్మిదేళ్ళలో ఉప్పెంత, కారమెంత అని తప్ప నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అతను అడిగాడు. అందుకే అంత చెప్పాను.

గిన్నెలు అలాగే వదిలేసి గేటు పక్కన అతని గది దగ్గరికి వెళ్ళాను. అప్పుడే బండి కడిగి తలుపు ముందు కూర్చుని టీ తాగుతున్నాడు. ఫోను మొహం ముందు పెట్టాను.

"ఏంటిది తమ్ముడూ? ఈ చెయ్యి ఎవరిది?"

అతను తడుముకోలేదు. నవ్వాడు. "నీదే గదక్కా. బాగొచ్చిండాది."

"మరి నేను పట్టాను, నేను చేశాను అంటన్నావేంటి?"

"మొగం వద్దని నువ్వే గదా అన్యావు. గొంతు ఎవురిదో ఒగురిది ఉండాల గదా. అయినా చేపలు పట్టేది నీ సొంతమా యేంది? పది మందికి తెలిస్తే మంచిదే గదక్కా."

ఆ ఆఖరి మాట నిజమే. అది ఇంకా ఒళ్ళు మండించింది. తిరిగి వచ్చి గిన్నెలు తోముకున్నాను. కోపంలో ఒక గాజు గిన్నె పగిలింది. మామాకు సారీ చెప్పింది కూడా నేనే.

తరవాత అతని వీడియోలన్నీ వరుసగా చూశాను. పదిహేను దాకా ఉన్నాయి. ప్రతిదాంట్లో మా అమ్మ మాట ఒకటైనా ఉంది, అతని గొంతులో. కింద జనం "అన్నా, నీ అనుభవం గొప్పది", "అన్నా, మా చెరువుకు రా" అని రాశారు. పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను. ఒకే ఇంట్లో పని. అతనితో మాట్లాడకుండా నాకు బజారు నుంచి మందు బిళ్ళ కూడా రాదు. మా అమ్మ మాటలు ఎవరి నోట్లో నుంచి వస్తేనేం, పది మందికి పనికొస్తాయి కదా అని నన్ను నేను బుజ్జగించుకున్నాను. జూలై దాకా ఆ బుజ్జగింపు పనిచేసింది.

మా ఊరు గోదావరి కాలవ పక్కన. వేసవిలో కాలవ కట్టేస్తారు, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదులుతారు. వానలు పడ్డాక కొరమీను పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలు ఎర్రగా, పిడికెడు కుంకుమ నీళ్ళ మీద చల్లినట్టు గుంపుగా తిరుగుతాయి. గాలి కోసం మాటిమాటికీ పైకి వస్తాయి. వాటి కిందనే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అప్పుడు ఆ గుంపు మధ్య కప్ప పిల్లను గుచ్చిన గాలం వేస్తే పెద్ద కొరమీను ఎగిరి మీద పడుతుంది. ఆకలికి కాదు. తన పిల్లల మీదికి వచ్చిందని కొట్టడానికి పడుతుంది. తల్లిని లాగేశాక ఆ పిల్లలు ఒక్క పూట మిగలవు. మిగతా చేపలు తినేస్తాయి.

మా అమ్మ ఊడ్పులకు పోయి వచ్చి, సాయంత్రం కూర కోసం గాలం వేసేది. ఎర్రటి గుంపు కనిపిస్తే కర్ర చుట్టేసి ఇంకో చోటికి నడిచేది. ఆ రోజు కూర లేకపోయినా సరే. "పిల్లల్ని కాసుకునేదాన్ని పట్టుకు తింటే ఆ కూర అరగదే" అనేది. ఇది కూడా నేను డ్రైవరుకు చెప్పాను, ఎందుకు చేయకూడదో సహా.

జూలైలో ఒకరోజు మా అన్నయ్య ఫోటో పంపాడు. నా కూతురు అన్నయ్య ఇంట్లోనే పెరుగుతోంది, అందుకని ఏ ఫోటో వచ్చినా ఆత్రంగా తీస్తాను. ఇందులో అన్నయ్య ఒక్కడే ఉన్నాడు. మోచెయ్యంత కొరమీనును రెండు చేతులా ఎత్తి పట్టుకుని నవ్వుతున్నాడు. వెంటనే ఫోను చేశాను.

"ఎక్కడ పట్టేవన్నయ్యా?"

"మన కాలవలోనే చెల్లీ, లాకుల దగ్గర. మీ ఖతర్లోనే ఒకాయన ఉన్నాడంట, వీడియోలో చెప్పేడు. ఎర్ర పిల్లలు కనపడితే ఏరే చోట తిరగక్కర్లేదు, గాలం అక్కడే ఎయ్యమన్నాడు. ఏసిన నిమిషంలో పడిందే! మనోళ్ళందరూ అదే పని మీదున్నారు. ఈ వారంలో తొమ్మిది లేపేరు."

అరికాలి మంట నెత్తికెక్కింది. "పిల్లల మీద వేశావా? అమ్మ ఏం చెప్పేదో మర్చిపోయావా?"

"అమ్మ నాకెప్పుడు చెప్పింది? గాలానికి ఎల్లేటప్పుడు నిన్ను తీసుకెళ్ళేది కానీ నన్ను తీసుకెళ్ళిందా ఎప్పుడన్నా?"

నిజమే. అన్నయ్య చదువుకోవాలని ఇంట్లో ఉంచేది, నన్ను వెంటేసుకుని పోయేది. అమ్మ పోయి ఆరేళ్ళు. ఆమెకు తెలిసింది నా ఒక్కదానికే తెలుసు. నేను దాన్ని అన్నయ్యకు చెప్పలేదు, నా కూతురికి చెప్పలేదు. తీరి కూర్చుని పరాయివాడికి చెప్పాను. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక అన్నయ్య మీదే అరిచి ఫోను పెట్టేశాను.

తరవాత ఆ వీడియో వెతికాను. ఉంది. నేను ఇదివరకు చూసినవాటి తరవాత పెట్టాడు. మా అమ్మ చెప్పిన మొదటి సగం ఉంచి రెండో సగం తీసేశాడు. "ఇది ఎవురూ చెప్పని సీక్రెట్ బ్రదర్స్" అంటున్నాడు. మిగతా వాటన్నిటి కంటే దాన్నే ఎక్కువమంది చూశారు.

సాయంత్రం అతను పిల్లల్ని ట్యూషన్ నుంచి దింపి బండి నీడలో పెడుతుంటే తలుపు తెరిచి ముందు సీట్లో కూర్చున్నాను. బయట ఎండకు గాలి కూడా కాలుతోంది.

"ఆ కొరమీను వీడియో తీసెయ్."

"యాల?"

"ఎందుకో నీకు చెప్పాను. చెప్పిందాంట్లో సగం మింగి సగం కక్కావు. మా ఊళ్ళో తొమ్మిది తల్లుల్ని లేపేశారు."

"ఒక్క నా మాటకేనా? నేను సెప్పకపోతే ఇంగొకడు సెప్తాడు. అది శానా బాగా పోతాండాదక్కా, ఇప్పుడు తీస్తే ఎట్ట?"

అప్పుడు నేను చేయకూడదనుకున్న పని చేశాను. "మామాకు చూపిస్తాను. వాళ్ళ తోట, వాళ్ళ తొట్టి, వాళ్ళకు చెప్పకుండా వీడియోలు పెట్టావు. తెలిస్తే ఏమవుతుందో నీకు తెలుసు" అన్నాను.

అతని మొహం పాలిపోయింది. ఈ దేశంలో ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు ఆ మాట అర్థం ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. టికెట్టు చేతిలో పెట్టి పంపించేస్తారు. "నీకు పున్నెముంటాది. అంత పని సెయ్యొద్దక్కా" అన్నాడు, తల దించుకుని. అతనికీ ఇద్దరు పిల్లలు, అప్పు తీరని ఇల్లు. ఆ మాట అనేదాకా వెళ్ళినందుకు నా మీద నాకే రోత పుట్టింది. అయినా కోపం మాత్రం అంగుళం తగ్గలేదు.

చివరికి నేనే ఒక మెట్టు దిగాను. తీసెయ్యనక్కర్లేదు, నేను చెప్పేది నా గొంతుతోనే పెట్టు అన్నాను. ఒప్పుకున్నాడు. బండిలోనే రికార్డు చేశాం. అతను ఫోను పట్టుకుంటే నేను చెప్పాను: ఇదివరకు విన్నదంతా మా అమ్మ నేర్పింది. కొరమీను విషయంలో ఈయన తప్పు చెప్పాడు. ఎర్రటి గుంపు కనిపిస్తే గాలం చుట్టేసి అవతలికి పోండి. ఈ ఏడు తల్లిని వదిలిపెడితే వచ్చే ఏడు మీ కాలవలో వంద కొరమీనులు ఉంటాయి. నా గొంతు వణికింది. భయమనుకుంటారేమోనని రెండోసారి చెప్పాను. రెండోసారీ వణికింది.

పెట్టాడు. మాట తప్పలేదు. కింద వచ్చిన రాతలు చదివాను. "ఆడదానికి గాలం గురించి ఏం తెలుసు?" "అన్నా, ఆ ఆంటీని వదిలేసి నువ్వు చెప్పన్నా." "ట్రిక్ సూపర్, మాకు నాలుగు పడ్డాయి." ఒక్క ముసలాయన మాత్రం, మా నాన్న కూడా ఇదే అనేవాడమ్మా అని రాశాడు. పాత వీడియోను చూసినవాళ్ళలో పదో వంతు కూడా దీన్ని చూడలేదు.

ఆ నెలంతా పని అయ్యాక రోజుకు ఒకటి చొప్పున అమ్మ చెప్పినవన్నీ వాయిస్ మెసేజ్‌లు చేసి అన్నయ్యకు, కూతురికి పంపాను. అన్నయ్య విన్నాడో లేదో అడగలేదు. నా బిడ్డను పెంచుతున్నవాడితో మళ్ళీ తగువు పెట్టుకునే ధైర్యం లేదు. కూతురు మూడు విని, "అమ్మా, నాకు చేపల వాసనే పడదు, ఎందుకివన్నీ?" అంది. పడకపోయినా దాచిపెట్టుకోమన్నాను.

డ్రైవరు తన వీడియోలు మానలేదు. కొరమీను గురించి మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు కార్లో నేను వెనక సీట్లో కూర్చుంటున్నాను. మొన్న మార్కెట్టుకు వెళ్తూ అద్దంలోంచి చూసి అడిగాడు.

"ఇంగా కోపమేనా అక్కా?"

"అవును" అన్నాను. చేపల గురించి ఇంకేమైనా అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నే.