గెడ్డమ్మ వాటా

రెండు రోజుల తుపాను ఈ తెల్లవారుజామున తగ్గింది. దీపం పెట్టుకుని కిటికీ తీస్తే, కాఫీ తోట కింద పారే గెడ్డ హోరు. కిటికీ గట్టు మీద గాజు గిన్నెలో మావారు ఏరిన రాళ్లున్నాయి. తడి ఉంటేనే వాటికి రంగు, అందుకని రోజూ నీళ్లు మారుస్తాను. మారుస్తున్నంతసేపూ, వద్దనుకున్నా చెవి ఆ హోరు వైపే పోయింది.

అరకు కొండల్లో మాకు సముద్రం కనపడదు గానీ తుపాను మాత్రం కొండెక్కి వచ్చి మరీ పలకరిస్తుంది. అది వెళ్లాక గెడ్డ ఒడ్డున ఇసుక మేటల మీద రంగురాళ్లు తేలతాయి. తేనె రంగువి, పాలచారలవి, కారం ముద్దలా ఎర్రనివి. చారలవి అకీకులనీ ఎర్రవి జాస్పర్ అనీ మావారు ఎక్కడో విని వచ్చి చెప్పేవారు. బడి గుమ్మం తొక్కకుండా మా నాన్న దగ్గరే అక్షరాలు దిద్దుకున్న నాకు ఆ పేర్లు నోరు తిరిగేవి కావు. నాకవి చారల రాయి, కారం రాయి, అంతే. తోటలో మిరియాల తీగలు నేలకూలి ఉంటే రైతన్నవాడు ముందు వాటిని చూసుకోవద్దూ? ఈయన పంచె ఎగ్గట్టి గెడ్డలో ఉండేవారు. రాయి తీసి ముందు చెంపకి ఆనించుకునేవారు. చల్లదనం ఎంతసేపు నిలిస్తే అంత మంచి రాయట. తర్వాత నాలుకతో తడిచేసి రంగు చూసేవారు. అడ్డాకుల మోపుతో అటుగా వచ్చిన ఎగువింటి అప్ప, ఈ కొండ ఊళ్లోనే పుట్టిన మనిషి, ఊరుకునేది కాదు.

"ఏటి బాబూ, రాళ్లు నాకుతున్నావు? మా సెల్లి కూడెట్టలేదేటి?"

"ఎట్టింది అప్పా, ఉప్పే తక్కువైంది."

ఆచారం మాకు నేర్పింది ఆ అప్పే. వరద తీశాక చేతికొచ్చిన మొదటి రాయి గెడ్డమ్మది. కళ్లకద్దుకుని తిరిగి నీళ్లలో వేసెయ్యాలి. తర్వాత దొరికినవన్నీ మనవే. ఒక ఏడు ఆయనకి మొట్టమొదటే కనుగుడ్డులాంటి రాయి దొరికింది. తేనె రంగులో తెల్లటి వలయాలు, నడుమ నల్లచుక్క. చెంపకి ఆనించుకుని అలా నిలబడిపోయారు.

"బేగి ఇచ్చెయ్ బాబూ, అమ్మ సూత్తంది," అంది అప్ప గట్టు మీంచి.

ఇచ్చేశారు. ఆ తర్వాత ప్రతి తుపానుకీ ఆయన వెతికింది ఆ ఒక్క రాయినే.

కిందటేడు తుపాను నాటికి ఆయన మంచంలో ఉన్నారు. ఇక ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రిలో చెప్పేశారు. వాన వెలిశాక, "ఒక్కసారి సూసి రాయే. అదెక్కడికీ పోదు, ఏ మలుపులోనో ఉంటాది," అన్నారు.

అప్పని ఆయన పక్కన కూర్చోబెట్టి వెళ్లాను. ఇసుకలో చెయ్యి పెట్టగానే వచ్చింది. తేనె రంగు, వలయాలు, నల్లచుక్క. అదేనో, దాని తోబుట్టువో దేవుడికే తెలియాలి. కానీ మొదటి రాయి. గట్టు మీద ఎవరూ లేరు. కొంగున ముడేసుకున్నాను. "చూపించి తెచ్చేస్తాను తల్లీ," అని అడిగాను కూడా. నాలుగడుగులు వేసి ఆగిపోయాను. ఆయన స్వయంగా ఇచ్చేసినదాన్ని నేనెలా వెనక్కి తీసుకోను? ముడి విప్పి, కళ్లకద్దుకుని, నీళ్లలో వదిలేశాను. తర్వాత వేళ్లు కొంకర్లు పోయేదాకా వెతికినా చెప్పుకోదగ్గది ఒక్కటీ దొరకలేదు.

"దొరికిందేటే?" అన్నారు, నేను ఇంట్లో అడుగుపెట్టగానే.

"దొరికిందండీ. మొదటిదే."

నా మొహం చూసి నవ్వారు. ఆ నవ్వు దగ్గులోకి పోయింది. "ఇచ్చేసావు కదా?"

తలూపాను. అప్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ సెయ్యి ఇలాగియ్యి." నా అరచెయ్యి తీసుకుని, రాయిని ఆనించుకున్నట్టే చెంపకి ఆనించుకున్నారు. కళ్లు మూసుకున్నారు. "సల్లగా ఉందే. మంచిదే దొరికింది."

జ్వరపు చెంప మీద నా చెయ్యి వేడెక్కిపోయాక కూడా వదల్లేదు. గెడ్డ నీళ్లు తేటపడకముందే ఆయన వెళ్లిపోయారు.

ఇవాళ పొద్దెక్కాక వెళ్లాను. మొదట దొరికింది మామూలు బూడిదరంగు రాయి. దాన్నీ కళ్లకద్దుకునే ఇచ్చాను. చెయ్యి చల్లబడింది, దాన్ని ఎక్కడ ఆనించాలో తెలియలేదు. అన్ని వానాకాలాలు ఆయనతో గడపనిచ్చినందుకు భగవంతుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను, ఇవాళా పెట్టుకున్నాను. మొదటిది గెడ్డమ్మదనీ మిగతావన్నీ మనవేననీ అప్ప చెప్పింది. ఎంతకాలం మనవో మాత్రం చెప్పలేదు.