మేం ఆర్పని మంట

2023 ఆగస్టు నెలాఖరు. అప్పుడు నేను కొత్తపేట వైపు ఒక ఫైర్ స్టేషన్‌లో ఆఫీసర్‌ని. చుట్టూ గోదావరి, ఊరూరా కాలవ, నెలల తరబడి వాన. ఇలాంటి చోట మంటలార్పే ఉద్యోగమంటే జీతం తీసుకుని నిద్రపోవడమేనని మా బావగారి అభిప్రాయం. ఆయన ఎండాకాలంలో ఎప్పుడూ ఇటు రాలేదు. గడ్డిమేటు అంటుకుంటేనో, కొబ్బరికాయలు ఒలిచిన డొక్కల గుట్ట లోపల్లోపల రాజుకుంటేనో రెండు రోజులు నీళ్ళు కొట్టినా పొగ చావదని ఆయనకి తెలియాల్సిన అవసరమూ రాలేదు.

ప్రమాదం గురించి వచ్చే కబురుని మేం ‘కాల్’ అంటాం. కాల్ అందగానే బండి గేటు దాటడాన్ని ‘టర్నవుట్’ అంటాం. నేను అంతకుముందు పనిచేసిన చోట్ల కాల్ అంటే అరుపులు, ఏడుపులు, ఊరి పేరు చెప్పకుండానే ఫోను పెట్టెయ్యడం. కోనసీమలో అలా కాదు. ముందు మర్యాదలు, తరవాత మంటలు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఫోను నేనే ఎత్తాను.

“ఫైరాఫీసేనాండీ? భోజనాలయ్యేయాండీ?” అంది ఒక పెద్దావిడ గొంతు.

ఇంకా లేదన్నాను.

“అయ్యో. అయితే తినే రండి. మా పక్కనున్న హైస్కూలు తగలబడుతున్నట్టుందండీ.”

ఊరి పేరు అడిగి రాసుకుని, తినకుండానే బయల్దేరాం.

పలివెల దాటి కాలవగట్టు ఎక్కేసరికే కొబ్బరిచెట్ల తలల మీద తెల్లగా, దట్టంగా పొగ కనిపించింది. మా వాళ్ళు పొగని చూసి జాతకం చెప్పేస్తారు. నల్లగా ఉంటే నూనో ప్లాస్టిక్కో, తెల్లగా ఉంటే తడిసిన సరుకు. మా జట్టు పెద్ద, లీడింగ్ ఫైర్‌మన్ నూకరాజు ఒక్కసారి తల బయటపెట్టి చూసి, “బడి కాదండీ, తడి డొక్కలండీ” అని తేల్చేశాడు. అయినా సైరన్ ఆపలేదు. ఆపి ఉంటే ఈ కథ ఇంత పెరిగేది కాదు. భోంచేసి నడుం వాల్చిన ఊరంతా ఆ మోతకి లేచి మా బండి వెనకాలే వచ్చేసింది.

బడి వెనక ఖాళీ స్థలంలో హెడ్మాస్టరు ప్రసాదరావు గారు ఒక్కరే ఉన్నారు. ఉతికిన పంచె, తెల్ల చొక్కా. చెప్పులు దూరంగా విడిచారు. ఎదురుగా కొబ్బరి డొక్కల పేర్పు. దాని మీద సగం కాలిన జాతీయ జెండా. చేతుల మీద ఇంకో జెండా. మమ్మల్ని చూడగానే ఆయన మొహం, పరీక్ష హాల్లోకి స్క్వాడ్ వచ్చినప్పటి పిల్లాడి మొహంలా అయిపోయింది. పాపం, ఆ బల్లకి అటువైపు కూర్చోవడం ఆయనకి అలవాటు లేదు.

నూకరాజు అప్పటికే గొట్టం పరిచేసి, దాని చివరుండే ఇత్తడి ‘బ్రాంచి’ పట్టుకుని నావైపు చూస్తున్నాడు. నేను చెయ్యి ఎత్తి ఉంచాను. దించితే నీళ్ళు.

“ఆర్పకండి సార్,” అన్నారు ప్రసాదరావు గారు. “సగం కాలింది మిగిలిపోతే ఇంక అంతకన్నా అవమానం లేదండీ.”

ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి సంగతేమిటని అడిగాను. బడిమీద ఎగిరెగిరి వెలిసిపోయి, చిరిగిపోయిన జెండాలు ఏళ్ళ తరబడి ఆఫీసు బీరువాలో ఉన్నాయిట. ముందు పనిచేసిన హెడ్మాస్టర్లకి పారెయ్యడానికి మనసొప్పలేదు, తగలబెట్టడానికి ధైర్యం చాలలేదు. ఈమధ్య బీరువాలోకి ఎలకలు దూరేయిట. ఇక లాభం లేదని ఈయన నిబంధన చదివేరు. పాడైన జెండాని ముక్కలు చెయ్యకుండా, మొత్తంగా, నలుగురి కంటా పడకుండా, వీలైతే దహనం చేసి, గౌరవంగా సాగనంపాలి. సరేనని ఊరు కునుకు తీసే వేళ చూసుకుని మొదలుపెట్టేరు. కిరసనాయిలు పొయ్యడం మర్యాద కాదనిపించి, డొక్కలు పేర్చి, నెయ్యీ కర్పూరమూ వేసేరు. డొక్కలు మాత్రం శ్రావణమాసపు వానల్లో నానినవి. అంత గుట్టుగా చేసిన పని రావులపాలెం దాకా కనిపించింది.

ఆయన చెప్పడం పూర్తయ్యేలోపు ఊరు గోడ దాటి లోపలికి వచ్చింది. ముందు వరసలో సెల్‌ఫోన్ కొట్టు సూరిబాబు. ఫోను తలకన్నా ఎత్తున పట్టుకుని, “మాస్టారు జెండా తగలబెడుతున్నారు” అన్నాడు. మాతో కాదు, ఫోనుతో.

గౌరవంగా కాల్చినా కావాలని కాల్చినా ఫోనులో మంట ఒకేలా కనిపిస్తుంది. ఆ వీడియో ఊరి గ్రూపులో పడితే సాయంత్రానికి జిల్లా, రాత్రికి టీవీ. ఆ తరవాత ప్రసాదరావు గారు ఏ నిబంధన చదివి వినిపించినా వినే నాథుడుండడు. గుంపులో గొణుగుడు మొదలైంది. ఒకరిద్దరు లుంగీలు పైకి కట్టేరు.

“సూరిబాబూ, నువ్వు నా దగ్గరే చదివేవు కదరా,” అన్నారాయన.

“అందుకేనండీ ఇంత బాధగా ఉంది మాస్టారూ,” అన్నాడు సూరిబాబు, ఫోను దించకుండా.

నీళ్ళు కొట్టిస్తే జనం శాంతిస్తారు. కాని సగం కాలిన జెండా సాక్ష్యంగా మిగిలి, హెడ్మాస్టరు గారి పరువు ఆ రోజుతో సరి. కొట్టించకపోతే? ఆ వీడియోలో నేనూ ఉన్నాను. యూనిఫాంతో, చెయ్యి పైకెత్తి. ఆ భంగిమకి ఎవరేం అర్థం చెబుతారో నాకు తెలీదు.

“నూకరాజూ, నీళ్ళొద్దు. గాలి కావాలి,” అన్నాను.

నూకరాజు నాకు వడదెబ్బ తగిలిందేమోనన్నట్టు చూశాడు. మంటకి కావాల్సినవి మూడు: వేడి, గాలి, కాలే సరుకు. దీన్నే మేం ‘ఫైర్ ట్రయాంగిల్’ అంటాం. అందులో ఒకటి లాగేస్తే మంట చచ్చిపోతుంది. మా ఉద్యోగమంతా ఆ లాగెయ్యడమే. ఆ రోజు మూడూ మేమే సమకూర్చాం. నూకరాజు కొక్కెం కర్రతో తడి డొక్కలు పక్కకి లాగి సందు చేశాడు. ఫోను చేసిన పెద్దావిడ సత్యవతి గారిల్లు ఆ గోడ పక్కనే. ఆవిడ తన వంటసావిట్లోంచి ఎండు కొబ్బరిమట్టలు అందించారు. పొగ తగ్గి మంట నిటారుగా లేచింది. ఫైరింజను వాళ్ళే మంట ఎగదోస్తుంటే జనానికి ఏం చెయ్యాలో తోచలేదు. ప్రభుత్వం దగ్గరుండి సాయం చేస్తున్న మనిషిని కొట్టడం ఎవరికైనా ఇబ్బందే.

ఇంతలో హెడ్మాస్టరు గారు ఆ వేడికి వెనక్కి జరగబోతే, ఆయన పట్టుకున్న జెండా మడత విడిపోయి కిందికి జారబోయింది.

“సూరిబాబు గారూ, ఇలా వచ్చి ఆ కొస పట్టుకోండి,” అన్నాను.

“నేనాండీ?”

“పెద్ద జెండా. ఇద్దరుంటేగాని మడత రాదు. రెండు చేతులూ కావాలి.”

జెండా నేలకి తగిలేలా ఉంది. ఆలోచించే టైము లేదు. ఫోను జేబులోకి వెళ్ళింది. గురువూ శిష్యుడూ చెరో కొసా పట్టుకుని, చీర మడతేసినట్టు దగ్గరికి వచ్చి, దూరం జరిగి, మళ్ళీ దగ్గరికి వచ్చేరు. అంచు పొడుగునా దారంతో వేసిన కుట్లు సూరిబాబు వేళ్ళకి తగిలేయి. అవి ఎవరు కుట్టేరని అడిగాడు. నేనేనన్నారు ఆయన. రెండేళ్ళు ఆ కుట్లతోనే ఎగిరిందిట.

సూరిబాబు మెల్లగా అడిగాడు. “ఇది మా బ్యాచ్ అప్పటిదేనాండీ?”

“కాదురా. మీది ఇందాకే అయిపోయింది.”

మడత పూర్తయ్యాక సూరిబాబు చెయ్యి తుడుచుకుని ఫోను తీసి, వీడియో చెరిపేసి, చెరిపేసినట్టు నాకు చూపించాడు. నేను అడగలేదు.

ఇక మిగిలింది ఏకాంతం. ఇది నలుగురిలో చేసేది కాదు, దయచేసి వెళ్ళమని జనాన్ని కోరాను. అందరూ “ఆయ్” అన్నారు. ఎవరూ కదల్లేదు. కాదనడం వాళ్ళకి మర్యాద కాదు, కదలడం వాళ్ళ వల్ల కాదు. చివరికి సత్యవతి గారే దారి చూపించేరు. చెప్పులు విడిచి, రోడ్డువైపు తిరిగి నిలబడి, “మేం చూట్టం లేదండీ. కానివ్వండి,” అన్నారు. ఆవిణ్ణి చూసి పక్కావిడ తిరిగింది. లుంగీలు దించుకుని మగవాళ్ళూ తిరిగేరు. ఊరు ఊరంతా మాకు వీపు పెట్టి నిలబడింది. కావలసినంత ఏకాంతం, కావలసినంతమంది సాక్షులు. ఈ రెండూ ఒకేచోట దొరకడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

చివరి జెండాని ప్రసాదరావు గారూ సూరిబాబూ కలిసి మంటలో ఉంచేరు. మేమంతా వరసగా నిలబడి సెల్యూట్ చేశాం. అది పూర్తిగా బూడిదయ్యేదాకా ఊళ్ళోవాళ్ళెవరూ ఇటు తిరగలేదు. బూడిద చల్లారాక జెండాకర్ర మొదట్లో గొయ్యి తీసి కప్పేరు.

ఆ తరవాతే అసలు రద్దీ. మా డాబా మీదదీ చిరిగిందండీ, ఇందులోనే కలిపేయొచ్చాండీ అని ఇళ్ళనుంచి జెండాలు పట్టుకొచ్చేరు. సగం పాలియెస్టరువి. అవి సరిగ్గా కాలవు, కరిగి బొట్లుబొట్లుగా కారతాయి, అది చూడ్డానికి బాగోదు అని చెప్పి, నా బీఎస్సీ కెమిస్ట్రీని ఉద్యోగంలో చేరాక మొదటిసారి వాడాను. నూలువి మరుసటి ఏటికి దాచుకోమన్నాను. పాలియెస్టరువి చెక్కపెట్టెలో మడతపెట్టి అక్కడే పూడ్చారు. అందరికీ బొండాలు కొట్టేరు. మా భోజనం సత్యవతి గారింట్లోనే అయింది. తినే రమ్మని ఆవిడ ముందే చెప్పేరు, వినకపోవడం మా పొరపాటు.

పని ముగిశాక కంట్రోల్ రూముకి చెప్పే కబురుని ‘స్టాప్ మెసేజ్’ అంటాం. మంట ఆర్పారా అని అడిగేరు. లేదండీ, పూర్తిగా కాలనిచ్చాం అన్నాను. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ అదే చెప్పాను. కాపాడిన ఆస్తి వివరం అడిగేరు. ఒక హెడ్మాస్టరు గారు అని చెప్పాలనిపించింది. మా లెక్కల్లో అలాంటి ఆస్తి లేదు కనక, ఏమీ లేదన్నాను.

అప్పట్నుంచీ ఎక్కడ మంట కనిపించినా, చెయ్యి దించేముందు, పక్కన నిలబడ్డ మనిషి ఏమంటున్నాడో ఒక్క ముక్క వింటాను. చాలాసార్లు వాళ్ళు “తొందరగా కొట్టండి మహాప్రభో” అంటారు. కొడతాను. కాని వింటాను.

మరుసటి ఏడాది ఆగస్టులో మళ్ళీ సత్యవతి గారి ఫోను. “ఫైరాఫీసేనాండీ? పొగొస్తుందండీ. కంగారేం లేదు, జెండాలండీ. ఈసారి ఎండు డొక్కలే. గేటు దగ్గర సూరిబాబు నిలబడి, లోపలేమీ జరగట్లేదని దారిన పోయేవాళ్ళందరికీ చెబుతున్నాడండీ. ఊరంతా వచ్చేసేరు. మీరొచ్చేదాకా ఎవర్నీ రోడ్డువైపు తిరగొద్దని చెప్పేను. భోజనాలయ్యేయాండీ?”

ఇంకా లేదన్నాను.