పుంగనూరు బంకు దగ్గర దించిన బండ

మొన్న మా మనవడు మదనపల్లెలో ఇంటి ముందు తెచ్చి నిలబెట్టిన బండిని చూసి, వీడు ఊళ్లు చూడడానికి పోతున్నాడా, యుద్ధానికా అనుకున్నాను. ముందు ఇనుప కమ్మీలు, పైన డేరా, వెనక నీళ్ల ట్యాంకు, పక్కన డీజిల్ క్యాన్లు. కొండలూ ఎడారులూ తిరిగొస్తాడట. "మైలేజి రావడం లేదవ్వా" అన్నాడు దిగులుగా. "యాడొస్తాదిరా? బండి మింద నువ్వు పోతాండావా, నీ కొంపంతా పోతాందా?" అన్నాను. వాడు నవ్వాడు. నాకు మాత్రం మా ఆయన జీపు గుర్తొచ్చి నవ్వు రాలేదు.

తొంభైలలో మేము సోమల దగ్గర పల్లెలో సేద్యం చేసేవాళ్లం. టమోటాలు మార్కెట్టుకు తోలడానికి ఆయన పాత జీపు కొని, వెనక భాగం పొడుగు చేయించి, బరువుకు ఆగాలని చక్రాల మీద అదనంగా కమాను పట్టీలు, అంటే స్ప్రింగు రేకులు వేయించాడు. అవి బిర్రుగా ఉండడంతో బండి ఖాళీగా పోతే చిన్న గుంతకు కూడా నడుము విరిగేటట్టు ఎగిరేది. దానికాయన కనిపెట్టిన వైద్యం, కుప్పం నుంచి గ్రానైట్ బండ తెచ్చి వెనక పరవడం. బరువు కోసం పట్టీలు, పట్టీల కోసం బరువు, రెండింటి కోసం డీజిల్! అగ్గిపుల్ల కూడా వృథా కానివ్వని నేను ఆ బండను చూసినప్పుడల్లా పళ్లు కొరికేదాన్ని. నేను చదివింది మూడో తరగతే. అయినా రాయిని ఊళ్లు తిప్పడం దండగని తెలియడానికి ఆ చదువు చాలు.

ఒక ఎండాకాలం మా అత్త పశువుల కొట్టంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. జీపులో బండ మీదే పరుపు వేసి పడుకోబెట్టి, మదనపల్లె ఆసుపత్రికి బయలుదేరాం. పుంగనూరులో డీజిల్ పోయించుకుందామంటే, లారీల సమ్మె వల్ల బంకులో చుక్క లేదు. మా ట్యాంకులో అడుగున కొంచెం ఉంది.

"బండ దించు" అన్నాను.

"దించితే బండి ఎగురుతాదే! అమ్మ తట్టుకుంటాదా?"

"దావలో నిలిసిపోతే ఈ ఎండకు తట్టుకుంటాదా? దించు. ఆడ నేను కూసుంటా."

"నీకూ ఆ బండకూ తేడా ఏముండాదిలే" అని గొణిగి, బంకు దగ్గరున్న వాళ్లను సాయం పిలిచి, అత్తను పరుపుతో సహా కిందికి తీసి, బండ దించి, ఆమెను మళ్లీ ఎక్కించాడు.

నేను ముందు సీటు వదిలి వెనకెక్కి, అత్త తల ఒళ్లో పెట్టుకుని, ఆమె నడుము కదలకుండా రెండు చేతులా అదిమి పట్టుకున్నాను. దిగుడు వచ్చిన చోటల్లా ఆయన గేరు తీసేసి బండిని దొర్లనిచ్చాడు. గుంత వస్తే అత్త గోళ్లు నా తొడలో దిగేవి. కోడలి ముందు ఏడవడం ఇష్టంలేక పెదవి కొరుక్కునేది. ఒకచోట కళ్లు తెరిచి, "బరువుగా ఉండానా అమ్మా?" అంది.

"లేదత్తా. నువ్వుండబట్టే బండి కుదురుగా ఉండాది."

ఆసుపత్రి గేటు కనబడుతుండగా ఇంజను దగ్గి ఆగిపోయింది. మిగిలిన దూరం తోసుకుంటూ పోయాం. అత్త ఇంటికి తిరిగొచ్చింది గానీ లేచి నడవలేదు. వానలు పడకముందే పోయింది.

ఆ బండను తెచ్చుకోవడానికి ఆయన మళ్లీ పోలేదు, నేనూ పొమ్మనలేదు. చాలా ఏళ్లు బస్సు కోసం నిలబడేవాళ్లు దాని మీద కూర్చునేవారు. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేశారు. బంకూ లేదు, బండా లేదు. పుంగనూరు దాటేటప్పుడు మాత్రం నా ఒడి ఇంకా బరువెక్కుతుంది. ఇన్నేళ్లు గడిచినా ఆ బరువును దించే చోటు కాలం నాకు చూపలేదు.