నల్లేరులో సున్నం

మా అమ్మ మైమూన్ బడి గడప తొక్కలేదు. అయినా జమ్మలమడుగులో ఒక డాక్టరు నోరు మూయించింది. చెప్పుకోవడానికి నాకు బోలెడంత గర్వం.

1959లో పులివెందుల దగ్గర బావి తవ్వుతూ మా నాయన షంషుద్దీన్ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. జమ్మలమడుగులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కట్టు కట్టారు. అమ్మ ఆ పక్కనే మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుంది. చేతులకు నూనె రాసుకుని లేత నల్లేరు కణుపుల నార తీసి, వేయించి, దురద పోయేదాకా చింతపండు వేసి పచ్చడి నూరేది. అది లేకపోతే నాయనకు ముద్ద దిగేది కాదు.

కోస్తా నుంచి వచ్చిన డాక్టరు గిన్నె వెనక్కి నెట్టాడు.

"ఇందులో నీళ్ళు, పీచు తప్ప ఏముందమ్మా? ఇక తేవద్దు."

"సున్నముంది సామీ. ఎముకకు కావాల్సింది అదే గదా?"

"నువ్వు చూశావా?"

ఆ మాట అమ్మకు గట్టిగా తగిలింది. మర్నాడే నల్లేరు కాల్చిన బూడిద తెచ్చి, ఆయన బల్ల మీదే పసుపునీళ్ళలో కలిపింది. దిష్టినీళ్ళలా ఎర్రబడ్డాయి. డాక్టరు నవ్వాడు.

"ఏ బూడిద కలిపినా ఇంతే. అది క్షారం, సున్నం కాదు."

ఇంకొకరైతే ఊరుకునేవాళ్ళు. మా అమ్మ బుట్టెడు నల్లేరు బూడిద మూటగట్టి ప్రొద్దుటూరు బస్సెక్కింది. అక్కడ మక్బూల్ మామ బంగారం పని చేసేవాడు. అమ్మ బూడిద కడిగి, ఆ నీళ్ళలో పసుపు వేసి చూసింది. ఎర్రబడినన్నిసార్లూ మళ్ళీ కడిగింది. తొమ్మిదో కడుగుకు క్షారమంతా పోయి, పసుపు పసుపుగానే నిలిచింది. మిగిలింది, సున్నపురాయి కాల్చినట్టు కాల్చడానికి, మూసలో పోసి కుంపట్లో పెట్టమంది.

"బంగారం కరిగించే మూసలో కంచెమీద పాకే తీగ బూడిదేందే?" అన్నాడు మామ.

"నీ బంగారం మా ఆయన తింటాడా? ఊదు భయ్యా."

మామ తిత్తి ఊదాడు. తెల్లటి పొడి దిగింది. సాయంత్రానికల్లా అమ్మ దాన్ని సీసాలో బిగించి డాక్టరు ముందు పెట్టింది. నీళ్ళు చల్లితే పొగలు కక్కింది. పసుపు వేస్తే ఎర్రబడింది. డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇదంతా ఎవరు నేర్పారమ్మా?"

"నువ్వే సామీ. క్షారమని నువ్వంటేనే గదా కడిగినా."

"సున్నముంది, ఒప్పుకున్నా. కాలు అతికేది దీనివల్లేనని మాత్రం చెప్పలేను."

"తిననియ్యి సామీ, సాలు."

మంచానికి వేలాడే అట్ట తీసి, ఆహారం అన్న చోట ఆయన తన చేత్తోనే తెలుగులో రాశాడు: నల్లేరు పచ్చడి.

నాయన నడిచి ఇంటికొచ్చాడు. అమ్మ ఆ అట్ట అడిగి తెచ్చుకుంది. వచ్చినవాళ్ళందరికీ చూపించేది. అక్షరం ముక్క రాకపోయినా, ఆ రెండు మాటల మీద వేలు ఒక్కసారి కూడా తప్పలేదు.