మోర్తాడ్ కాక కళ్ళద్దాల చీటీ

మొన్న పెర్కిట్‌లో కళ్ళద్దాల దుకాణానికి వెళ్తే, నా ముక్కు మీద బరువైన చట్రం పెట్టి, అందులో ఒక్కొక్క అద్దమే మారుస్తూ అక్కడి అమ్మాయి అడిగింది. "తాతా, గిది మంచిగున్నదా, ఇందాకటిది మంచిగుండెనా? తొందర లేదు, జర సూసి చెప్పు." ఎదుటి అక్షరాలు కనబడుతూనే ఉన్నా, ఇంకోసారి మార్చమన్నాను. ఒకప్పుడు ఇలా ఎవరినీ అడగకుండా నేను కొన్న కళ్ళద్దాలు గుర్తొచ్చాయి.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు, గల్ఫ్ నుంచి చుట్టీకి, అంటే రెండేళ్ళకోసారి దొరికే రెండు నెలల సెలవుకు, వచ్చినప్పుడు మనం తెచ్చిన సబ్బులూ సెంట్లూ కంబళ్ళూ ఊరంతా చూసేది గాని, తిరిగి పోయేటప్పుడు మన పెట్టెల్లో ఏముందో ఎవరూ చూడలేదు. అక్కడ పన్ను పీకించుకోవాలన్నా, కళ్ళద్దాలు చేయించుకోవాలన్నా ధర వింటేనే గుండె జారేది కనుక, రెండేళ్ళకు సరిపడా ఒంటి మరమ్మతులన్నీ ఆ రెండు నెలల్లోనే ఆర్మూర్‌లో చవగ్గా చేయించుకుని, మందులూ పచ్చళ్ళూ ఇంటి పసుపూ మూటగట్టుకుని విమానమెక్కేవాళ్ళం. అక్కడ మా గదిలో ఎనిమిది మందిమి. ఎవరికి చుట్టీ దొరికితే వాళ్ళ చేతికి మిగతా ఏడుగురి అక్కరలూ వచ్చేవి.

నాకు ఏడో తరగతి వరకే బడి. తక్కినదంతా ఆర్మూర్ గ్రంథాలయంలో నాకు నేను చదువుకున్నదే. ఆ సంగతి గదిలో పదిసార్లయినా చెప్పి ఉంటాను. అందుకే మోర్తాడ్ కాక, వరసకు చిన్నాన్న కాకపోయినా వయసును బట్టి మేమందరం కాక అని పిలిచే మనిషి, దవాఖానలో తన కళ్ళద్దాల నంబరు రాసిచ్చిన చీటీని నాకే ఇచ్చాడు. క్యాంపులో కూలీల బట్టలు కుట్టే పని ఆయనది. సూదిలో దారం ఎక్కక కుట్లు వంకరపోతుంటే, ఇంకోసారి ఇట్లయితే ఎండలో ఇనుము మోయిస్తానని ఫోర్‌మన్ అప్పటికే బెదిరించాడు. "కొడుకా, నువ్వు సదువుకున్నోనివి, నీ చేతుల పెడితే నాకు ఫికర్ లేదు. చీటీ మాత్రం పోగొట్టకు. మల్ల దవాఖానకు పోత అంటే గాయన నన్ను ఇంటికే పంపుతడు" అన్నాడు.

ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే నా పన్ను బాగుచేయించుకుని, చదువుకోవడానికని నాకు రెండు జతల కళ్ళద్దాలు చేయించుకున్నాను. కాక చీటీ జేబులోనే ఉంది. పసుపు ఉడకబెట్టే రోజులవి. మధ్యాహ్నాలు కళ్ళం దగ్గర కావలి కూర్చుని, గ్రంథాలయం నుంచి తెచ్చిన శరీరశాస్త్రం పుస్తకం చదివేవాణ్ణి. కన్ను ఎలా చూస్తుందో చెప్పే అధ్యాయంలో ఆగినప్పుడు గుర్తుకు ఏదో ఒక కాగితం కావాలి కదా, కాక చీటీ పెట్టాను. చదవడం అయ్యాక పుస్తకంతో పాటే ఇచ్చేశాను.

ప్రయాణం రెండు రోజులుందనగా గుర్తొచ్చి గ్రంథాలయానికి పరుగెత్తితే, ఆ పుస్తకం ధర్పల్లి మనిషెవరో తీసుకుపోయాడన్నారు. ధర్పల్లికి బస్సుంది. ఆ పూట బామ్మర్దులు దావత్ పెట్టుకున్నారని నేను పోలేదు. బస్టాండు దగ్గర బండి మీద కళ్ళద్దాలు అమ్మేవాని దగ్గర ఒక జత తీసి, నా ముక్కు మీదే పెట్టుకుని, పేపరు అక్షరాలు నాకు బాగానే కనబడ్డాయని కొనేశాను. అంతటితో ఆగినా బాగుండేది. నా అద్దాలతో వచ్చిన దుకాణం పేరున్న పెట్టెలో వాటిని పెట్టి తీసుకుపోయాను.

"చీటీ ప్రకారమే చేయించిన కాకా" అన్నాను. పెట్టుకుని నాలుగుసార్లు రెప్పలాడించి నవ్వాడు. "కాకా, గిప్పుడన్నా నా ప్యాంటు రెండు కాళ్ళు ఒక్కతీరు కుట్టు" అని పక్క మంచం అతను అంటే గదంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నెల తిరగకముందే కాక సాయంత్రాలు తలనొప్పితో తడిగుడ్డ కట్టుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. కుట్లు మరింత వంకరపోయాయి. ఫోర్‌మన్ అన్నంత పనీ చేశాడు. ఆ వయసులో భుజం మీద ఇనుప చువ్వలతో ఎండలో నడుస్తున్న కాకను నేను రోజూ చూశాను. ఒకరోజు ఆయనే నన్ను ఓదార్చినట్టుగా "అద్దాలు మంచియే కొడుకా, నా కండ్లే ముసలియైనయి. గంత దూరంకెళ్ళి మోసుకొస్తివి, నువ్వేం జేస్తవు" అన్నాడు. నేను పుస్తకంలో నుంచి తల ఎత్తలేదు. ఏడాదిలోపే ఆయన ఇంటికి వెళ్ళిపోయాడు.

చాలా ఏళ్ళకు, నిజం చెప్పేద్దామనే ఆయన ఊరు మోర్తాడ్ వెళ్ళాను. నన్ను చూడడానికి కాక ఆ కళ్ళద్దాలే వెతికి తెచ్చి పెట్టుకున్నాడు. కాక భార్య, మా చిన్నమ్మ, ఇచ్చిన చాయ్ తాగి, ఏమీ చెప్పకుండానే తిరిగొచ్చాను. ఇప్పుడు ఆయన లేడు.

ఈ కాలం పిల్లలు చీటీని ఫోన్లో ఫోటో తీసి పంపుతారు, సాయంత్రానికల్లా అద్దాలు తయారవుతాయి. పోగొట్టుకోవడానికి చీటీయే ఉండదు. దుకాణంలో ఆ అమ్మాయి నన్ను ఓపికగా అడిగినట్టే, నేనూ ఆ గదిలో కాకను ఒక్క మాట అడిగి ఉండవచ్చు, మంచిగ కనబడుతున్నదా అని. జవాబు తెలుసు కనుకే అడగలేదు.